పాయలాకు పులుపు

పులివెందులలో జానీబీ నాలుకకు ఉన్న పరపతి తాసిల్దారు సంతకానికి కూడా లేదు. ఆమె పెళ్లివంటల మనిషి. ఆరు పొయ్యిల మీద ఆరు డేక్షాలు ఉడుకుతుంటే ఒక్కొక్కదాంట్లోంచి ఒక బొట్టు అరచేతిలో వేసుకుని నాకి, "దీంట్లోకి పిడికెడు ఉప్పు. దానికేమీ వద్దు. ఈ మూడోదాంట్లో ధనియాలు పోయినేటివి, ఎవురు తెచ్చినారు?" అని అడిగేది. తెచ్చినవాడు ఆ పూట ఇక పొయ్యిల దరిదాపుల్లో కనిపించేవాడు కాదు. వేంపల్లె నుంచి జమ్మలమడుగు దాకా నిఖాకు తారీకు పెట్టుకునేవాళ్లు ఖాజీ కన్నా ముందు జానీబీకి తీరిక ఉందో లేదో కనుక్కునేవాళ్లు.

అట్లాంటి ఇంటికి కోడలిగా వచ్చింది సైదున్నీసా. వచ్చి నాలుగు నెలలు. పుట్టిల్లు ప్రొద్దుటూరు, కాలువ నీళ్లకు దగ్గర. పులివెందులలో మనుషులు నీళ్లను బిందెలతో కాక చెంబులతో కొలుస్తారని వచ్చిన వారానికే ఆమెకు తెలిసింది. మొగుడు రహీం ముగ్గురాయి గనుల్లో పనిచేస్తూ అక్కడే ఉంటాడు, ఎప్పుడో ఒకసారి వచ్చిపోతాడు. ఇంట్లో మిగిలేది ముగ్గురు. తనూ, అత్తా, మామ పీర్ సాహెబూ. పీర్ సాహెబ్ రాగి గిన్నెలకు కళాయి పోసే మనిషి. నిప్పు దగ్గర పని చేసినా నిప్పులాంటి మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు. మాడిన రొట్టె పెడితే "బాగా కాలింది" అని మెచ్చుకుని తింటాడు. ఎవరు ఏది అడిగినా ఆయన జవాబు ఒకటే, "బాగుంది". ఆ మంచితనమే ఆ సంవత్సరం రంజాన్‌లో ఇంటి మీదికి తెచ్చింది. అందులో సైదున్నీసా వాటా కూడా తక్కువేమీ కాదు.

జానీబీకి ఒక భయం ఉంది. కోడలు కాపురానికొచ్చిన కొత్తలోనే, పప్పు ఏరుకుంటూ, ఆమె దాన్ని దాచకుండా చెప్పింది.

"మాయమ్మ జైబున్నీసా నాకంటే పెద్ద వంటమనిషి, అమ్మీ. దువ్వూరులో ఒక పెండ్లిలో ఉప్పు రెండుసార్లు వేసింది. రుచి చూసింది, వేసింది, మళ్లీ చూసింది, మళ్లీ వేసింది. నాలుక సచ్చిపోయిందని ఆమెకే తెలీదు. పక్కనున్నోళ్లకు తెలుసు. పెద్దదానికి ఎట్ల చెప్పాలని ఒక్కరూ నోరు తెరవలా. నాలుగు వందల మంది ఇస్తర్ల ముందర నుంచి లేసిపోయినారు. ఆపొద్దు కింద పెట్టిన గంటె మాయమ్మ మళ్లీ ముట్టలా. నేను మాత్రం అట్ల కానీయను. నా నాలుక అబద్ధం చెప్పిన దినమే నా గంటె గోడకు తగిలిస్తా."

కొత్త కోడలు ఊ కొట్టింది. కథ బాగుందనుకుంది. కథలో మన పాత్ర ఏమిటో మనకు ముందుగా తెలిస్తే ఇంకేం.

ఆంధ్ర రాష్ట్రం వచ్చాక అది రెండో ఎండాకాలం. రంజాన్ నడి వేసవిలో పడింది. ఆ నెలలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి డేక్షాలన్నీ బోర్లించి పెట్టారు. అంతకుముందు వాటిని కడిగిన నీళ్లు పెరట్లో నాపరాళ్ల సందుల్లోకి పారేవి. ఆ తడికి అక్కడ పాయలాకు గుబురుగా లేచింది. ఇప్పుడు కడిగేదీ లేదు, తడిసేదీ లేదు. బావి అడుగంటింది. ఆకు మాత్రం ఎర్రటి కాడలు నేలకు పరుచుకుని, దళసరి రెబ్బలతో మొండిగా బతికే ఉంది.

ఆ ఆకే ఆ నెల ఇంటికి దిక్కయింది. పీర్ సాహెబ్ మోకాళ్లు వాచిపోతే, చింతపండూ మామిడికాయా రెండూ బంద్ అన్నాడు హకీం. ఆకులో ఉండే పులుపైతే పరవాలేదన్నాడు. పులుపు లేని పప్పు జానీబీ ఇంట్లో పప్పే కాదు. అందుకని రెండు పూటలా పాయలాకు పప్పు. తెల్లవారుజామున సహరీకి అత్త వండుతుంది. సాయంత్రం రోజా ఉపవాసం విప్పడానికి కోడలు వండుతుంది. ఎప్పటికప్పుడు పెరట్లో కోసుకురావడం, కందిపప్పులో వేసి ఉడికించి ఎనపడం.

రోజా ఉన్నప్పుడు వంట చేసేవాళ్లు నాలుక చివర పెట్టుకుని ఉమ్మేయవచ్చని మౌల్వీ చెబుతాడు. జానీబీ ఒప్పుకోదు. "వాసన చూసి వండలేనోళ్లకు ఆ మాట," అంటుంది. కాబట్టి సాయంత్రం పప్పు ఎట్లా ఉందో మసీదులో నగారా మోగేదాకా ఎవరికీ తెలియదు.

మొదటి సాయంత్రం ఖర్జూరం నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, పప్పన్నం ముద్ద పెట్టుకోగానే జానీబీ కోడలి వైపు చూసింది.

"ఏంది అమ్మీ, చప్పగుండాదే? ఆకు ఎంత వేసినావు?"

"నువ్వు పొద్దున వేసినంతే అత్తా. రెండు దోసిళ్లు."

"పొద్దున పండ్లు పులిసిపోయినాయి గదా."

మర్నాడు సైదున్నీసా మూడు దోసిళ్లు వేసింది. చప్పన. ఆ మర్నాడు నాలుగు వేసింది. పప్పు పచ్చగా మారింది గానీ పుల్లగా మారలేదు. తెల్లవారుజామున అత్త వండిన పప్పేమో రెండే దోసిళ్లతో పుల్లపుల్లగా నోరూరిస్తోంది. ప్రొద్దుటూరు పిల్లకు చెయ్యి తిరగలేదని ఇరుగమ్మ, చెయ్యి కాదు మనసే లేదని పొరుగమ్మ తేల్చేశారు. ఆడలేక మద్దెల ఓడు అంటారని సైదున్నీసా ఆకును ఒక్క మాట అనలేదు. వాళ్లమ్మను తలుచుకుని పొగకు కళ్లు మండినట్టు నటించింది.

జానీబీ మంచి అత్త. వెంటనే తిట్టలేదు. వారం చూసి, "రేపు మార్చుకుందాం. సహరీకి నువ్వు వండు, సాయంత్రం నేను వండుతా," అంది. తన చేత్తో వండితే కోడలికి తెలిసొస్తుందని ఆమె లెక్క.

లెక్క తలకిందులైంది. సహరీకి కోడలు వండిన పప్పు పుల్లగా, కమ్మగా కుదిరింది. జానీబీ రెండోసారి వడ్డించుకుంది కూడా. సాయంత్రం ఆమె స్వయంగా ఆకు కోసి, కడిగి, వాసన చూసి వండిన పప్పు నగారా మోగాక నోట్లో పెట్టుకుంటే చప్పగా, గడ్డిలాగా ఉంది.

ఆమె ముద్ద నోట్లో అట్లాగే ఉంచుకుని కాసేపు కూర్చుంది. తర్వాత మొగుడిని అడిగింది.

"పప్పు పుల్లగుండాదా?"

పీర్ సాహెబ్ తలెత్తకుండానే, "బాగుంది. పుల్లగుండాదిలే," అన్నాడు.

"అమ్మీ, నువ్వు చెప్పు."

సైదున్నీసా నోట్లోనూ అదే చప్పన. కానీ అత్త వండిన పప్పు. నాలుగు నెలల కోడలు. చప్పగుంది అంటే, వారం నుంచి అత్త అన్న మాటలకు బదులు తీర్చుకున్నట్టు ఉంటుందని ఆమెకు తోచింది. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారేమోనని కూడా భయం.

"పుల్లగానే ఉందత్తా," అంది.

ఇద్దరు సాక్షులు ఒక మాట చెప్పారు, ఆమె నాలుక ఒక మాట చెప్పింది. పొద్దంతా ఎండి సాయంత్రానికి నాలుక చచ్చిపోతోందని ఆమెకు అర్థమైంది. అంటే, అర్థమైందనుకుంది. మిగతా అన్నం తినేసి లేచి, పొయ్యి పక్కనున్న పెద్ద గంటె కడిగి, తుడిచి, గోడకున్న మేకుకు తగిలించింది.

సైదున్నీసాకు దువ్వూరు కథ అప్పుడు గుర్తొచ్చింది. పక్కనున్నోళ్లు ఒక్కరూ నోరు తెరవలేదన్న మాట గుర్తొచ్చింది. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

రంజాన్ పండగ అయిన ఆరో రోజు జమ్మలమడుగులో ఖలందర్ అనే ఆసామి కూతురి పెళ్లి ఉంది. మూడు నెలల కిందటే జానీబీకి చెప్పుకుని పోయాడు. ఆమె రాదంటే ఖలందర్ వేరే మనిషిని వెతుక్కోవాలి. అందుకు అతనికి వ్యవధి కావాలి. ఆ బుధవారం మధ్యాహ్నం జానీబీ ఒక కార్డు ముక్క చేతబట్టుకుని పక్కింటి గోడ దగ్గరికి పోయింది.

పక్కింటి యేసమ్మ కూతురు లీలమ్మ జమ్మలమడుగులో ఆడపిల్లల బడిలో సైన్సు టీచరు. మద్రాసులో మిషన్ వాళ్ల కాలేజీలో చదివింది. వేసవి సెలవులకు తల్లి దగ్గరికి వచ్చింది. ఎవరికి ఉత్తరం కావాలన్నా ఆ వీధికి ఆమే.

"లీలమ్మా, రాయి పాపా. 'ఖలందర్ భాయికి సలాం. నాకు చేత కాలేదు. పొద్దుటూరు షరీఫాను పిలుచుకో. ఆమె మంచిగ వండుతాది.' అంతే."

లీలమ్మ కలం ఆపింది. "చేత కాకపోవడమేంది పెద్దమ్మా? జరమా?"

"నాలుక పోయింది. పొద్దున ఉంటాది, సాయంత్రానికి పోతాది. పాయలాకు పప్పు సహరీకి పుల్లగుంటాది. అదే ఆకు, అదే పప్పు, రోజా విప్పేటప్పుడు చప్పగుంటాది. ఇంట్లో అందరికీ పుల్లగుంటే నాకొక్కదానికే చప్పగుండాది."

సైదున్నీసా గోడ ఇవతల నిలబడి వింటోంది. కాళ్ల కింద నాపరాయి కాలుతున్నా కదల్లేదు.

"ఆకు ఎప్పుడెప్పుడు కోస్తాండారు?" అని అడిగింది లీలమ్మ.

"ఎప్పటిదప్పుడే. సహరీదానికి లాంతరు పెట్టుకొని కోస్తాం. సాయంత్రందానికి అసర్ నమాజు అయినాక."

లీలమ్మ కార్డు రాసింది. అడిగిన పని కాదనే మనిషి కాదు. కానీ పోస్టు డబ్బాలో వేయలేదు. "ఇది సోమవారం పొద్దున వేస్తా. అంతలోపల నాకు రెండుసార్లు ఆకు కావల్ల. ఈపొద్దు సాయంత్రం ఒకసారి, రేపు సహరీకి ఒకసారి," అంది.

సాయంత్రం ఆమె ట్రంకుపెట్టెలోంచి చిన్న పుస్తకంలాంటిది పట్టుకొచ్చింది. అందులో నీలం కాగితపు ముక్కలు. పులుపు తగిలితే ఎర్రబడతాయని బడిలో పిల్లలకు చూపించే లిట్మస్ కాగితాలు. కోసిన ఆకును కోసినట్టే రాతి మీద నూరి, రసం కాగితానికి అంటించింది. నీలం రంగు కొద్దిగా కంది ఆగిపోయింది. ఆ కాగితాన్ని గోడ మీద ఆరబెట్టింది.

మర్నాడు సహరీ వేళకు ఆమే వచ్చి లాంతరు పట్టుకుంది. సైదున్నీసా ఆకు కోసింది. నూరిన రసం తగలగానే కాగితం దానిమ్మగింజలా ఎర్రబడింది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి లీలమ్మ నవ్వింది.

"పెద్దమ్మా, నీ నాలుకకు ఏమీ కాలా. పుల్లగుంటే పుల్లగుండాదనింది, చప్పగుంటే చప్పగుండాదనింది. మారేది ఆకు."

"ఆకు మారేదేంది? ఊసరవెల్లా అది?"

తెల్లవారాక నీడపట్టున కూర్చోబెట్టి లీలమ్మ చెప్పింది. వినేది పెళ్లివంటల ఇల్లు కాబట్టి ఆ మాటల్లోనే చెప్పింది.

"చెట్టు అన్నం వండుకుంటాది. ఎండే దానికి పొయ్యి. గాలిలో బొగ్గుపులుసు వాయువని ఒకటుంటాది, అది దానికి బియ్యం. ఆకుకు కంటికి కనపడనన్ని చిన్న నోర్లుంటాయి. అవి తెరిస్తేనే ఆ గాలి లోపలికొస్తాది. కానీ నోరు తెరిస్తే లోపలుండే నీళ్లు ఆవిరై బయటికి పోతాయి. ఈ ఎండల్లో పట్టపగలు నోరు తెరిస్తే దాని పని ఏమైతాది?"

"ఎండి సస్తాది," అన్నాడు పీర్ సాహెబ్. మొదటిసారి ఆయన నోట "బాగుంది" కాని మాట వచ్చింది.

"మూసుకోని కూర్చుంటేనో? పైన ఎండ మండిపోతాంటాది, లోపల బియ్యం ఉండవు."

జానీబీకి అది చెప్పాల్సిన పని లేదు. "ఖాళీ డేక్షా పొయ్యి మీద పెట్టినట్టు. కట్టెలూ దండగ, కళాయీ దండగ."

"అదే పెద్దమ్మా. అందుకని నీళ్లు కరువైన కొన్ని చెట్లు రాత్రి చల్లగున్నప్పుడు నోరు తెరిచి ఆ గాలిని లోపలికి తీసుకుంటాయి. దాన్ని పులుపు చేసి దాచిపెట్టుకుంటాయి. తెల్లారేటప్పటికి ఆకు నిండా పులుపు. పొద్దెక్కినాక నోరు గట్టిగా మూసుకొని, దాచిన పులుపు కొంచెం కొంచెమే తీసి ఎండ మీద వండుకుంటాయి. ఒక్క సెగ కూడా దండగ పోదు. సాయంత్రానికి సరుకు అయిపోతాది. ఆకు చప్పగైతాది."

తర్వాత పీర్ సాహెబ్ పెరట్లోకి చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"పగలంతా నోరు మూసుకొని, రాత్రి తెరుస్తాదా! అయితే అది రోజా ఉన్నట్టే గదమ్మా."

సైదున్నీసాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ అది వట్టి ఆకే అనుకుని తెంపుతూ వచ్చింది. తమతో పాటు అదీ దప్పికతో ఉందని తెలియదు.

"పుస్తకంలో పాయలాకు పేరు ఉండాదా?" అని అడిగింది జానీబీ. ఆమె అంత తేలిగ్గా దొరికే మనిషి కాదు.

లీలమ్మ అబద్ధం చెప్పలేదు. "లేదు. నేను చదివిన దాంట్లో రణపాల, నాగజెముడు, అట్లాంటివి ఉండాయి. శానా ఏండ్ల కిందట ఈ దేశంలోనే ఒక దొర పొద్దునా సాయంత్రమూ రణపాలాకు నమిలి చూసి రాసిపెట్టినాడంట. పాయలాకు సంగతి నేను యాడా చదవలా. అది మీ ఇంట్లోనే చూస్తాండా."

"మరి ఈళ్లిద్దరికీ సాయంత్రం పప్పు పుల్లగున్నింది గదా!"

ఇక దాచడానికి చోటు లేదు. సైదున్నీసా అత్త ముందు కూర్చుంది.

"పుల్లగా లేదత్తా. నాకూ చప్పగానే ఉన్నింది. నువ్వు వండింది గదా, చప్పగుందంటే నీ మనసు నొస్తాదని అట్ల చెప్పినా. తప్పయింది."

జానీబీ మొగుడి వైపు చూసింది. పీర్ సాహెబ్ మోకాళ్లు నిమురుకుంటూ, "నేను పులుపు సంగతి ఆలోచించనే లేదు. నువ్వు అడిగినావు, నేను చెప్పినా," అన్నాడు. ముప్ఫై ఏళ్లుగా ఆయన చేస్తున్నది అదే.

జానీబీకి కోపం వచ్చి ఉంటే బాగుండేది. రాలేదు. అలసిపోయినట్టు గోడకు ఆనుకుంది.

"ఆపొద్దు నా మనసు నొస్తాదని ఒక మాట చెప్తివి. ఈపొద్దు నా మనసు నొస్తాదని ఇంగొక మాట చెప్తాండావు. రెంట్లో నేను ఏది నమ్మాల అమ్మీ? కాగితం ఎర్రబడింది, సరే. కాగితానికి తెలుసు పాయలాకు సంగతి. నా నాలుకకు తెలుసో లేదో కాగితం యాడ చెప్తాది? పాపా, సోమవారం ఆ కార్డు డబ్బాలో వేసెయ్యి."

అబద్ధంతో వచ్చిన చిక్కే అది. ఒకసారి చెప్పాక నిజం కూడా దాని బట్టలే కట్టుకుని వస్తుంది. గంటె గోడ మీదే ఉండిపోయింది. రెండు పూటలా వంట కోడలి మీదే పడింది. జానీబీ తన ముందు పెట్టింది తిని, బాగుందనీ అనకుండా, బాగాలేదనీ అనకుండా లేచిపోయేది. ఇంట్లో ఇద్దరు పీర్ సాహెబ్‌లు ఉన్నట్టు ఉండేది సైదున్నీసాకు.

ఆ మూడు నాలుగు రోజులూ ఆమె చేసిన పని ఒకటుంది. ఎవరికీ చెప్పలేదు. రోజూ అయిదు పూటలా నమాజుకు ముందు ముగ్గురూ వజూ చేసుకునే నీళ్లు ఒక పళ్లెంలో పట్టేది. చేతులూ ముఖమూ కాళ్లూ కడిగిన నీళ్లు. ఊరంతా నీళ్లకు అల్లాడుతుంటే అవి పారబోయడానికి మనసొప్పక, తీసుకుపోయి పాయలాకు మొదట్లో పోసేది. తానేమో సాయంత్రమైతే నీళ్లు తాగుతోంది, దానికి ఏ నగారా మోగాలి? అత్తకు చేసిన తప్పు ఆకుకు దిద్దుతున్నట్టు కూడా ఉండి ఉండవచ్చు. ఆదివారానికి కాడలు నిగనిగలాడుతూ కొత్త చిగుర్లు వేశాయి. చూసుకుని మురిసిపోయింది.

సోమవారం సహరీకి ఆ చిగుర్లే కోసి పప్పు వండింది. తెల్లవారితే కార్డు డబ్బాలో పడుతుంది. ఆఖరిసారి అత్తకు కమ్మని పులుపు తినిపించాలని ఎంచి ఎంచి కోసింది.

అత్తామామలు కూర్చున్నారు. వడ్డిస్తూ వేలికి అంటిన పప్పు సైదున్నీసా నోట్లో పెట్టుకుంది. చప్పన. తెల్లవారుజామున కోసిన ఆకు, అయినా చప్పన. లీలమ్మ చెప్పిందంతా తప్పైపోయింది. ఇప్పుడు అత్త తిని చప్పగుందంటుంది. పొద్దున కూడా నాలుక పోయిందనుకుంటుంది. నిజం చెబితే నమ్మదు. పుల్లగుందని చెబితే దువ్వూరు మళ్లీ జరుగుతుంది. పప్పుగిన్నె పట్టుకుని నిలబడిపోయింది.

జానీబీ ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది. పీర్ సాహెబ్ అలవాటు చొప్పున "బాగు..." అని మొదలుపెట్టి, కోడలి ముఖం చూసి మింగేశాడు.

జానీబీ మింగలేదు. ఆ ముద్దను నాలుక మీద ఇటు తిప్పింది, అటు తిప్పింది. కళ్లు మూసుకుంది. డేక్షాల ముందు నిలబడినప్పుడు ఆమె ముఖం ఎట్లా ఉండేదో సైదున్నీసా ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చూసింది.

"అమ్మీ," అంది కళ్లు తెరవకుండానే, "ఈ ఆకుకు ఎవురో నీళ్లు పోస్తాండారు."

సైదున్నీసా గిన్నె కింద పెట్టింది.

"ఒక దినం కాదు. మూడు నాలుగు దినాల నుంచి పోస్తాండారు. నోట్లో నీరు నీరు అంటాండాది, జిగురు తగ్గింది. డేక్షాలు కడిగే దినాల్లో ఈ ఆకు ఇట్లే ఉండేది. అప్పుడు చింతపండు వేస్తాంటిమి గాబట్టి పట్టించుకోలా. కడుపు నిండా నీళ్లుంటే దానికి రాత్రిపూట దాచుకునే పని ఏముంది? రోజా విడిచేసింది ఇది." కళ్లు తెరిచి కోడలిని చూసింది. "ఎవురు పోసినారు? నిజం చెప్పు."

"నేనే అత్తా. వజూ నీళ్లు. బేస్తవారం నుంచి."

"ఎవురికన్నా చెప్పినావా?"

"ఎవురికీ చెప్పలా."

పీర్ సాహెబ్ అన్నం తినడం మానేసి భార్య వైపే చూస్తున్నాడు. కాగితం చెప్పనిదీ, పుస్తకంలో లేనిదీ, ఇంట్లో ఎవరూ చెప్పనిదీ జానీబీ నాలుక చెప్పింది. అది ఆమెకు ఒక నిమిషం ఆలస్యంగా తెలిసినట్టుంది. నోట్లో ముద్ద మింగింది. ఇంకో ముద్ద కలిపింది. మూడో ముద్దకు ఆమె కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోకుండానే తినేసింది.

తెల్లవారగానే గోడ దగ్గరికి పోయి, "లీలమ్మా, ఆ కార్డు ఇట్లివ్వు పాపా," అని అడిగి తీసుకుని, పొయ్యిలో పెట్టి నీళ్లు కాగబెట్టింది. అసలు సంగతి విని లీలమ్మ ఇంట్లోకి పరుగెత్తి నోటు పుస్తకం తెచ్చుకుంది. ఏ రోజు ఎన్ని చెంబులు పోసింది, ఆకు ఎప్పుడు కోసింది, అన్నీ సైదున్నీసాను అడిగి రాసుకుంది. మళ్లీ నీళ్లు మాని చూడమంది. మానితే వారం తిరక్కుండానే సహరీ పప్పు పుల్లబడింది.

జమ్మలమడుగులో ఖలందర్ ఇంటి వెనక తెల్లవారకముందే ఆరు పొయ్యిలు అంటించారు. పీర్ సాహెబ్ కొత్తగా కళాయి పోసిన డేక్షాలు నిప్పు వెలుగులో తళతళలాడుతున్నాయి. పెద్ద గంటె జానీబీ కుడిచేతిలో ఉంది. వంటకు సాయం వచ్చిన ఆడవాళ్లు ఎనిమిది మంది ఆమె వెనక నిలబడి, ఆమె అరచేయి ఎప్పుడు చాపుతుందా, ఏమంటుందా అని చూస్తున్నారు.

దాల్చా ఉడికింది. జానీబీ చెయ్యి చాపలేదు. గంటెతో ఒక బొట్టు తీసి కోడలి ముందుకు పట్టింది.

"చూడు అమ్మీ. ఎట్లుండాది?"

సైదున్నీసా అరచేతిలో వేసుకుని నాకింది. ఆడవాళ్లందరూ చూస్తున్నారు. వెనక నుంచి పీర్ సాహెబ్ గొంతు "బాగుంది" అంది. ఆయన రుచి కూడా చూడలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. అయినా సైదున్నీసా నోరు తెరిచింది.

"ఉప్పు తక్కువత్తా."

నవ్వు ఆగిపోయింది. జానీబీ దాల్చాలో ఉప్పు తక్కువని ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరూ ఇంతవరకు అనలేదు.

జానీబీ అప్పటిదాకా మూసి ఉంచిన ఎడమ పిడికిలి తెరిచింది. నిండా ఉప్పు ఉంది.

"ఇంత తక్కువ. నువ్వే వెయ్యి," అంది.